బ్రౌజర్ మార్చేముందు: ఎవరి కంట పడకూడదో తేల్చుకోండి

మీ బ్రౌజింగ్ ఎవరి కంట పడకూడదు? అదే ఫోన్ వాడే ఇంట్లోవాళ్ల కంటా, ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీ కంటా, ప్రకటనల కంపెనీల కంటా? ఈ మూడింటికీ మందు ఒకటి కాదు.

ఇంట్లోవాళ్ల సంగతైతే బ్రౌజర్ మార్చక్కర్లేదు, ఇన్‌కాగ్నిటో చాలు. అది చేసే పని అంతే: ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లన్నీ మూయగానే హిస్టరీనీ కుకీలనీ (సైట్లు మిమ్మల్ని గుర్తుపట్టడానికి దాచే చిన్న ఫైళ్లు) ఫోన్‌లోంచి తుడిచేస్తుంది. అవతలి సైట్లు మిమ్మల్ని చూస్తూనే ఉంటాయి. ఇన్‌కాగ్నిటోలో ఉన్నా వివరాలు సేకరించారంటూ గూగుల్ మీద 2020లో అమెరికాలో దావా పడింది. 2024లో రాజీ కుదిరి, ఆ రికార్డులు చెరిపేయడానికి కంపెనీ ఒప్పుకుంది.

కనెక్షన్ ఇచ్చే కంపెనీకి మీరు ఏ సైటుకు వెళ్తున్నారో తెలుస్తుంది. అడ్రసు https తో మొదలయ్యే హెచ్‌టీటీపీఎస్ సైటైతే లోపల ఏ పేజీ చదివారో తెలియదు. ఆండ్రాయిడ్ 9 నుంచి నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’ ఉంది (సైటు పేరును బట్టి దాని అడ్రసు వెతికిపెట్టేదే డీఎన్‌ఎస్). ఆ సేవ అందించే క్వాడ్9 లాంటి సంస్థ ఇచ్చే హోస్ట్‌నేమ్ (సర్వర్ పేరు) అక్కడ పెడితే, సైటు అడ్రసు వెతికే ప్రశ్నలు కనెక్షన్ ఇచ్చే కంపెనీకి కనబడకుండా వెళ్తాయి. సైటు పేరు బయటపడే దారులు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇది సగం రక్షణే. హాస్టల్, హోటల్ వైఫైలలో లాగిన్ పేజీ రాకుండా నెట్ మొత్తం ఆగిపోయినట్టుంటే కారణం చాలాసార్లు ఇదే. కాసేపు ‘ఆటోమేటిక్’కి మార్చి లాగిన్ అవ్వండి.

బ్రౌజర్ ఎంపిక నిజంగా తేడా తెచ్చేది మూడో విషయంలో. ఒక షాపింగ్ సైట్లో ప్రెజర్ కుక్కర్ చూశారు. గంట తర్వాత వార్తల సైటు తెరిస్తే అక్కడా అదే కుక్కర్! ఆ రెండు పేజీల్లోనూ ఒకే ప్రకటనల కంపెనీ కోడ్ ఉంది, రెండుచోట్లా అది ఒకే కుకీని చదివింది. దీన్నే థర్డ్ పార్టీ కుకీ అంటారు. సఫారీ వీటిని 2020 నుంచి పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైటు కుకీని ఆ సైటు డబ్బాలోనే పెట్టి మూత వేస్తోంది. క్రోమ్ కూడా తీసేస్తామని 2020లో చెప్పి, వాయిదాలు వేసి, 2025 ఏప్రిల్‌లో ఉన్నది ఉన్నట్టే ఉంచుతామంది. ప్రకటనల మీద బతికే కంపెనీ నుంచి అంతకుమించి ఆశించడం కష్టమే. పైగా ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాముల) నిబంధనలు మారాక, ప్రకటనలనూ ట్రాకర్లనూ అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ కంప్యూటర్‌లోని క్రోమ్‌లో పనిచేయడం మానేసింది. దాని లైట్ రూపం ఉంది గానీ శక్తి తక్కువ.

అందుకే ఆండ్రాయిడ్ ఫోన్లో రోజువారీ వాడకానికి మా సలహా ఫైర్‌ఫాక్స్. ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే సగం పనే అయినట్టు. ఇవి చేయండి:

1. మూడు చుక్కల మెనూ, సెట్టింగ్స్, ‘ఎన్‌హాన్స్‌డ్ ట్రాకింగ్ ప్రొటెక్షన్’. దాన్ని ‘స్ట్రిక్ట్’లో పెట్టండి.
2. మెనూలో ‘ఎక్స్‌టెన్షన్స్’లోకి వెళ్లి యూబ్లాక్ ఆరిజిన్ జోడించండి. ఇదొక్కటి చాలు. ఎక్స్‌టెన్షన్లు పెరిగేకొద్దీ మీ బ్రౌజర్ మిగతావాటి నుంచి వేరుగా కనబడి గుర్తుపట్టడం తేలికవుతుంది.
3. ‘హెచ్‌టీటీపీఎస్ ఓన్లీ మోడ్’ ఆన్ చేయండి.
4. ‘డేటా కలెక్షన్’లో ఉన్నవన్నీ ఆఫ్ చేయండి. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా కూడా మీరు ఆపేదాకా కొంత సమాచారం తీసుకుంటుంది.
5. సెర్చ్ ఇంజిన్‌గా డక్‌డక్‌గో పెట్టుకోండి. మొజిల్లా ఆదాయంలో పెద్ద వాటా గూగుల్‌ను డిఫాల్ట్‌గా ఉంచినందుకు వచ్చేదే, కాబట్టి మీరు మార్చేదాకా అదే ఉంటుంది.

ఇంత చేసి, అదే బ్రౌజర్లో జీమెయిల్‌కి లాగిన్ అయి గూగుల్‌లో వెతికితే ఆ వెతుకులాటలన్నీ మీ అకౌంట్లోకే చేరతాయి. దాన్ని ఏ బ్రౌజరూ ఆపలేదు.

ఇక తేడా కొట్టేది పేమెంట్ పేజీల దగ్గర. కరెంటు బిల్లు కడుతుంటే బ్యాంకు పేజీ తెల్లగా ఉండిపోతుంది, లేదా ఓటీపీ పెట్టాక మళ్లీ మొదటికొస్తుంది. కట్టే సైటు, పేమెంట్ గేట్‌వే (మధ్యలో చెల్లింపు నడిపించే సేవ), బ్యాంకు మూడూ వేర్వేరు కాబట్టి, ఒకదాని కుకీ ఇంకొకటి చదవలేనప్పుడు గొలుసు తెగుతుంది. ముందు యూబ్లాక్‌లో పెద్ద పవర్ బటన్ నొక్కి పేజీ రీలోడ్ చేయండి. అప్పటికీ రాకపోతే అడ్రస్ బార్‌లోని డాలు గుర్తు నొక్కి ఆ సైటుకు మాత్రం రక్షణ ఆపండి. డబ్బు కట్ అయిందేమో అనుమానముంటే రీలోడ్ చేసేముందు బ్యాంకు మెసేజ్ చూసుకోండి. ఈ తలనొప్పి వద్దనుకుంటే క్రోమ్‌ను తీసేయకుండా బ్యాంకు, ప్రభుత్వ సైట్లకు మాత్రమే ఉంచుకోండి. మిగతా అన్నిటికీ ఫైర్‌ఫాక్స్. ఒకే ‘బెస్ట్’ బ్రౌజర్ కోసం వెతికేకంటే రెండింటికి పని పంచడమే ఎక్కువ ఫలితమిస్తుంది.

సెట్టింగ్స్ జోలికెళ్లే ఓపిక లేనివాళ్లకు, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లకు బ్రేవ్ నప్పుతుంది. ప్రకటనల అడ్డు పుట్టుకతోనే ఉంటుంది. క్రోమ్‌కు కూడా ఆధారమైన క్రోమియం మీదే కట్టింది కాబట్టి సైట్లు తక్కువగా చెడతాయి. అందులోని క్రిప్టో సంబంధిత రివార్డ్స్, వాలెట్ మాత్రం కదపకండి. క్రిప్టో సైట్ల అడ్రసులు టైప్ చేస్తే తన రిఫరల్ కోడ్ అతికించిందని 2020లో బ్రేవ్ విమర్శలపాలై, తర్వాత దాన్ని తీసేసింది.

ఐఫోన్ కథ వేరు. మన దేశంలో అందులో ఏ బ్రౌజర్ వేసుకున్నా లోపల ఇంజిన్ సఫారీదే. కాబట్టి సఫారీలోనే ‘ప్రివెంట్ క్రాస్ సైట్ ట్రాకింగ్’ ఆన్‌లో ఉందో లేదో చూసి, అడ్వాన్స్‌డ్‌లో ఫింగర్‌ప్రింటింగ్ (ఫోన్, బ్రౌజర్ లక్షణాలను బట్టి మిమ్మల్ని గుర్తుపట్టడం) రక్షణను ‘ఆల్ బ్రౌజింగ్’కి పెట్టండి.

టోర్ బ్రౌజర్ మీ ట్రాఫిక్‌ను మూడు మజిలీల మీదుగా తిప్పి పంపుతుంది. మీరెవరో సైటుకు తెలియకూడనప్పుడు అదే సరైనది. నెట్ బ్యాంకింగ్‌కు మాత్రం పనికిరాదు, ఎక్కడో జర్మనీ నుంచి లాగిన్ అయినట్టు కనబడి అకౌంట్ లాక్ కావచ్చు.

ప్లే స్టోర్లో ‘ఫాస్ట్’, ‘మినీ’, ‘ప్రైవేట్’ అని కనబడే ఊరూపేరూ లేని బ్రౌజర్ల జోలికి పోకండి. ఒకప్పుడు మన ఫోన్లలో విరివిగా వాడిన యూసీ బ్రౌజర్‌ను 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో చేర్చింది. అంతకు చాలాముందే, 2015లోనే, అది వివరాలు లీక్ చేస్తోందని కెనడాలోని సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు చూపించారు.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో లింకు నొక్కితే అది మీ బ్రౌజర్లో తెరుచుకోదు. యాప్ లోపలి బ్రౌజర్లో తెరుచుకుంటుంది, అక్కడ మీ సెట్టింగ్స్ ఏవీ వర్తించవు. పైన చుక్కల మెనూలో బయటి బ్రౌజర్లో తెరిచే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కండి. ఫోన్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్‌ను మార్చడం కూడా మరవొద్దు.

పాత బ్రౌజర్ నుంచి పాస్‌వర్డ్‌లు తెచ్చుకోవడానికి ఎక్స్‌పోర్ట్ చేస్తే సీఎస్‌వీ ఫైలు వస్తుంది. అందులో పాస్‌వర్డ్‌లన్నీ ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి. దాన్ని వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోకండి. కొత్త బ్రౌజర్లోకి ఇంపోర్ట్ అవగానే డౌన్‌లోడ్స్‌లోంచి, ఆ తర్వాత ట్రాష్‌లోంచి కూడా తీసేయండి. ఫోన్ డౌన్‌లోడ్స్ క్లౌడ్‌కి బ్యాకప్ అవుతుంటే అక్కడా చూసి తొలగించండి.