ఆకు తడవక మందు జారిపోతుంటే: డెల్టా వరిలో సమస్య - పరిష్కారం

వరి ఆకుపై పిచికారీ చేసిన మందు గుండ్రటి బొట్లుగా నిలిచి, గాలికి ఆకు ఊగగానే జారి మడిలో పడుతుంటే చాలామంది మోతాదు పెంచుతారు. అంతకంటే ముందు చూడవలసింది ట్యాంకులోని నీటిని. వరి ఆకును మైనపు పొర, సన్నని సిలికా బుడిపెలు కప్పి ఉంటాయి కనుక వట్టి నీరు దానిని అంటదు. దుకాణాల్లో జిగురు మందు పేరుతో ఇచ్చేవి ఎక్కువగా సర్ఫాక్టెంట్లే, అంటే నీటి తలతన్యతను (బొట్టును గుండ్రంగా బిగబట్టే గుణాన్ని) తగ్గించే పదార్థాలే. వాటి అణువుకు ఒక కొస నీటిని ఇష్టపడే తల; దాని ఆవేశాన్ని బట్టే ధనావేశ, ఋణావేశ, ఆవేశం లేని రకాలంటారు. నీరంటే గిట్టని రెండో కొస ఆకు మైనాన్ని పట్టుకున్నప్పుడే, అంటే అధిశోషణం జరిగినప్పుడే, బొట్టు పరచుకుంటుంది.

సమస్య: జిగురు మందు కలిపినా ఆకు తడవదు, కాలువ నీరు ఎర్రగా ఉంది.
కారణం: సార్వాలో వరద వచ్చాక ధవళేశ్వరం బ్యారేజీ నుంచి దిగే ఎర్రనీటిలో సన్నని బంకమట్టి తేలుతూ ఉంటుంది. మాంట్‌మొరిల్లొనైట్ రకం బంకమట్టికి, పొరల లోపలి ముఖాలు కూడా కలుపుకుంటే, ఒక్క గ్రాముకే సుమారు 700 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. ఆకు చేరకముందే సర్ఫాక్టెంటు దాని పాలవుతుంది. బంకమట్టి రేణువులది ఋణావేశం కనుక ధనావేశ రకం సర్ఫాక్టెంటు మరీ గట్టిగా చిక్కుకుంటుంది, ఆవేశం లేని రకమూ పూర్తిగా తప్పించుకోదు.
పరిష్కారం: నీటిని డ్రమ్ములో రాత్రంతా తేరనిచ్చి, అడుగు కదపకుండా పైనీరు ముంచుకోవాలి. గుడ్డతో వడగడితే గడ్డిపరకలు, ఇసుక ఆగుతాయి గాని బంకమట్టి ఆగదు. పటికతో త్వరగా తేరుతుంది, కానీ ఎక్కువైతే మిగిలిపోయిన అల్యూమినియం ఋణావేశ సర్ఫాక్టెంటును విరిచేస్తుంది, కాబట్టి కొద్దిగానే వాడాలి.

సమస్య: ట్యాంకులో తెల్లటి తరకలు, నాజిల్ పూడిపోవడం.
కారణం: రాజోలు, సఖినేటిపల్లి వైపు ఉప్పు బోర్లలో ఇది కనిపిస్తే నేరం ఉప్పుదని అనుకుంటారు. నిజానికి మామూలు ఉప్పు, అణువుల ఆవేశపు తలల మధ్య వికర్షణను తగ్గించి, ఆవేశం ఉన్న సర్ఫాక్టెంటు ఆకుపై దగ్గరగా సర్దుకోవడానికి సాయపడుతుంది. సోడియం డోడెసైల్ సల్ఫేట్ అనే ఋణావేశ సర్ఫాక్టెంటు అణువులు వట్టి నీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీమోల్ గాఢత దగ్గర గుంపులు కడితే, 0.1 మోలార్ ఉప్పునీటిలో 1.5 దగ్గరే కడతాయి. అసలు దోషులు కాల్షియం, మెగ్నీషియం. సబ్బుతో కలిస్తే అవి కరగని మడ్డి అవుతాయి.
పరిష్కారం: బట్టల సబ్బు, సబ్బు పొడి కలిపే అలవాటు మానాలి. ఆవేశం లేని రకం జిగురు మందును లవణాలు అంతగా కదిలించవు, అదే కొనాలి.

సమస్య: నురగ పొంగడం, మందు ఆకు కొసల నుంచి కారిపోవడం.
కారణం: మోతాదు మించింది. సర్ఫాక్టెంటు అణువులు గుంపులు కట్టే గాఢత దాటాక తలతన్యత ఇక పెద్దగా తగ్గదు.
పరిష్కారం: సీసా మీది మోతాదుకే రావాలి, జిగురు మందును చివరగా పోసి నెమ్మదిగా కలపాలి.

రెండు మందులు కలిపేటప్పుడు ఒకటి ధనావేశ రకం, మరొకటి ఋణావేశ రకం అయితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని అడుగుకు దిగిపోవచ్చు. అనుమానముంటే ట్యాంకులో పోయకముందే గాజు సీసాలో అదే నిష్పత్తిలో కలిపి అరగంట ఉంచి చూడాలి. విరిగితే ఆ జతను విడిగానే పిచికారీ చేయాలి.