కొండబండి పాఠాలు – 4: ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కొనేముందు

గత పాఠంలో కమాను పట్టీలను యాక్సిల్ మీదికి మార్చి బండి ఎత్తడం దాకా వచ్చాం. ఎత్తిన బండి నిలబెట్టి చూస్తే ముచ్చటగానే ఉంటుంది. ఫోర్ వీల్ వేసి దేవమాలి కొండ వైపు ఎక్కించగానే కింద నుంచి గరగర మొదలైతే, చాలాసార్లు ముద్దాయి ముందు ప్రొపెల్లర్ షాఫ్టే, అంటే ఇంజను శక్తిని ముందు యాక్సిల్‌కి మోసుకెళ్ళే గొట్టం. జయపురంలో అయినా రాయగడలో అయినా అందరూ ముందు అడిగేది "ఏ కంపెనీది తీసుకోవాలి?" అని. అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. ముందు కొలతలు.

అసలు మీ బండికి అది అవసరమా అన్నది ఇంకా ముందు తేల్చుకోండి. 2020 తర్వాతి థార్‌కీ, పాత థార్ సీఆర్డీఈకీ ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రం విడిగా లేచి దిగుతుంది. డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ శక్తి పంచే గేర్ల డబ్బా) ఛాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి బండి లేచినా ఈ షాఫ్ట్ వాలు మారదు. ఆ కోణం భారమంతా చక్రాలకు వెళ్ళే హాఫ్ షాఫ్టుల మీద పడుతుంది. వాళ్ళు ఇక్కడ డబ్బు పెట్టొద్దు. ఈ పాఠం జిప్సీ, ఎంఎం 540, రాంగ్లర్ లాంటి ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలకీ కలిపి ఒకే ఇరుసు) బండ్ల కోసం.

రోజూ మోసే సామానుతో బండిని చదునైన సిమెంటు నేల మీద నిలపండి. నాలుగు చక్రాలకీ దిమ్మలు పెట్టండి. షాఫ్ట్ విప్పాక బండి దొర్లడానికి చిన్న వాలు చాలు. మాగ్నెట్ ఉన్న డిజిటల్ యాంగిల్ గేజ్‌తో ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక యాక్సిళ్ళకి పంచే గేర్ల డబ్బా) ఫ్లాంజ్, అంటే షాఫ్ట్ బిగించే బిళ్ళ, షాఫ్ట్ ట్యూబ్, డిఫరెన్షియల్‌లోకి వెళ్ళే పినియన్ ఫ్లాంజ్ మూడింటి వాలూ రాసుకోండి.

లెక్క ఇలా చేస్తాం. ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లాంజ్ ముందువైపు 3 డిగ్రీలు పైకి చూస్తోందనుకోండి. షాఫ్ట్ అక్కడి నుంచి 14 డిగ్రీలు కిందికి దిగుతోంది. ఒకటి పైకి, ఒకటి కిందికి, కాబట్టి కలపాలి: పై జాయింట్ కోణం 17. కింద పినియన్ వెనక్కి 6 డిగ్రీలు పైకి చూస్తోంది, షాఫ్ట్ కూడా అటే లేస్తోంది, కాబట్టి తీసెయ్యాలి: 8.

షాఫ్ట్ చివర కూడిక గుర్తు ఆకారంలో ఉండే మామూలు క్రాస్ జాయింట్ వంగి తిరిగితే, ఇటు సమంగా వచ్చిన వేగం అటు ఒక్కో చుట్టుకి రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. 17 డిగ్రీల దగ్గర ఈ హెచ్చుతగ్గు అటూ ఇటూ సుమారు 4.5 శాతం, 8 దగ్గర 1 శాతం. రెండు చివర్లా కోణం సమానమై, క్రాసుల్ని పట్టుకునే ఫోర్కులు ఒకే వరసలో ఉంటే ఒకదాని తేడాని ఇంకోటి సరిచేస్తుంది. 17కీ 8కీ పొత్తు కుదరదు. వణుకు అక్కడి నుంచే.

అందుకే డబుల్ కార్డాన్. పై చివర పక్కపక్కనే రెండు క్రాసులు, మధ్యలో సెంటర్ బాల్. 17ని చెరి 8.5గా పంచుకుని, తేడాని అక్కడికక్కడే సర్దేసుకుంటాయి. మిగిలేది కింద ఉన్న 8. అదీ పోవాలంటే పినియన్ దాదాపు షాఫ్ట్ వరసలోకి రావాలి, అంటే ముందు యాక్సిల్‌ని 8 డిగ్రీలు తిప్పాలి. ఇక్కడే అసలు చిక్కు. పినియన్ ముక్కు పైకి లేపిన ప్రతి డిగ్రీకీ ఒక డిగ్రీ క్యాస్టర్ (చక్రం తిరిగే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలిన కోణం) పోతుంది. క్యాస్టర్ పోయిన బండి స్టీరింగ్ తనంతట తాను నిటారుకి రాదు, రోడ్డు మీద అటూ ఇటూ వెతుక్కుంటుంది. సుంకి ఘాట్‌లో ఎదురుగా లారీ వస్తుంటే అలాంటి స్టీరింగ్ చేతిలో ఉండకూడదు. నేనైతే ఎప్పుడూ క్యాస్టర్‌నే కాపాడతాను, షాఫ్ట్ కాస్త వణికినా సరే.

జిప్సీ వాళ్ళకి ఇది సులువుగా తేలిపోతుంది. ముందు చక్రాలను యాక్సిల్ నుంచి వేరుచేసే ఫ్రీ వీల్ హబ్బులు వాళ్ళకి ఉంటాయి. వాటిని విడదీస్తే టూ వీల్‌లో ముందు షాఫ్ట్ తిరగదు. ఫోర్ లోలో (ఫోర్ వీల్ తక్కువ గేరు) మెల్లగా పోయేటప్పుడు ఆ 8 డిగ్రీలు లెక్కలోకి రావు. 2007 నుంచి 2018 దాకా వచ్చిన రాంగ్లర్ జేకేకి ఆ హబ్బులు లేవు. 26వ నంబరు జాతీయ రహదారి మీద పోతున్నంతసేపూ షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. పైగా కంపెనీ షాఫ్ట్‌లో రబ్బరు బూటుతో, లోపల గోళీలతో ఉండే రిజెప్పా జాయింట్. ఎత్తు పెరిగేకొద్దీ బూటు నలిగి చిరుగుతుంది, గ్రీజు పోతుంది, దుమ్ము చేరుతుంది. వాళ్ళకి డబుల్ కార్డాన్ ఖర్చు దండగ కాదు.

ఇక సైజు. 1310, 1350 అన్నవి క్రాసుల సైజు నంబర్లు. 1310 క్రాస్ క్యాపు వ్యాసం సుమారు 27 మిల్లీమీటర్లు, 1350ది 30కి కాస్త పైన. వెర్నియర్ పెడితే తెలిసిపోతుంది. అందరూ పెద్దదే కావాలంటారు. కానీ క్రాస్ మరీ గట్టిదైతే దెబ్బ డిఫరెన్షియల్ లోపలి క్రౌన్ పినియన్ గేర్ల మీదికి పోతుంది. కొండలో క్రాస్ విరిగితే అక్కడే మార్చుకోవచ్చు, క్రౌన్ పినియన్ విరిగితే బండిని లాక్కురావాలి. మరీ పెద్ద టైర్లు లేకపోతే 1310 చాలు.

పొడవు మాత్రం మూడుసార్లు కొలవండి: నేల మీద, యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు, పూర్తిగా నొక్కుకున్నప్పుడు. షాఫ్ట్ పొడవు సర్దుకునేలా లోపలికీ బయటికీ జారే స్లిప్ జాయింట్ ఈ రెండు కొసల్లో విడిపోకూడదు, అడుగంటకూడదు; అటూ ఇటూ అంగుళమైనా మిగలాలి. పాత షాఫ్ట్‌నే లేత్‌లో పొడిగిస్తే ఫోర్కుల వరసకి ముందే గుర్తు పెట్టించండి, వెల్డింగ్ అయ్యాక బ్యాలెన్సింగ్ చేయించండి. ఆ మిషన్ అన్ని ఊళ్ళలో ఉండదు, ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.

గ్రీజు ఎక్కించే నిపిల్ ఉన్న క్రాసులే తీసుకోండి. నిపిల్ లేనివి గట్టివే, కానీ మన వాగుల్లో నీళ్ళు లోపలికి చేరితే బయటికి నెట్టే దారి ఉండదు. నాలుగు క్యాపుల నుంచీ పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టాలి. సెంటర్ బాల్ నిపిల్ లోతులో ఉంటుంది, గన్‌కి సూది మొన కావాలి. క్యాపు అంచున ఎర్రపొడి కనిపిస్తే అది సూది బేరింగు తుప్పో, కొరాపుట్ ఎర్రమన్నో తెలియదు. కడిగి, ఆరాక పది కిలోమీటర్లు తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయకుండా, హబ్బులు మాత్రం లాక్ చేసి నడిపి మళ్ళీ చూడండి. మళ్ళీ పొడి వస్తే ఆ క్రాస్ ఎండిపోయింది.

బిగించిన రోజే ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలిపి, ముందు యాక్సిల్‌ని వేలాడదీసి, ట్రాన్స్‌ఫర్ కేసు టూ వీల్‌లో పెట్టి, హబ్బులుంటే విడదీసి, షాఫ్ట్‌ని చేత్తో నిండా ఒక చుట్టు తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే ఆ కోణం ఆ జాయింట్ పరిమితి దాటినట్టే. యాక్సిల్ అంత కిందికి దిగకుండా లిమిట్ స్ట్రాప్ వేశాకే బండి బయటికి తీయండి.