తొలకరి పడేలోపే పాత డ్రై రాక్ శుభ్రం: ఉప్పునీటి అక్వేరియం పెట్టేవాళ్లకి జాగ్రత్తలు

రోహిణీ కార్తె ఎండలకి రోళ్లు పగులుతాయంటారు. ఎవరో ట్యాంకు తీసేస్తూ అమ్మిన పాత డ్రై రాక్ (ఉప్పునీటి ట్యాంకులో పేర్చే, రంధ్రాలున్న ఎండు సున్నపు రాయి) కొన్నవాళ్లకి ఆ ఎండతోనే అసలు పని. రాయిని నానబెట్టి, కడిగి, లోపలి రంధ్రాల దాకా ఎండబెట్టాలి. జూన్‌లో తొలకరి పడిందంటే కోనసీమ గాలిలోని తేమకి రాయి పైకి పొడిగా కనిపిస్తుంది కానీ లోపల చెమ్మ పోదు. అందుకే మే మొదటి వారానికే టబ్బు సిద్ధం చేసుకోండి. నానబెట్టడానికి వారం, ఆరడానికి రెండు వారాలు తేలిగ్గా పడుతుంది.

సగం ధరకే వస్తోందని తొందరపడకుండా ముందు ఆ రాయి ఎక్కడ ఉందో, ఆ ట్యాంకులో ఏం మందులు వాడారో అడగండి. చేపలకి తెల్లమచ్చలొస్తే చాలామంది రాగి మందు వేస్తారు. సున్నపు రాయి రాగిని పీల్చుకుని నెలల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది. చేపలు దానికి ఓర్చుకుంటాయేమో గానీ రొయ్యలు, నత్తలు, పగడాలు ఓర్చుకోలేవు. చేపల చెరువుల్లో నాచు చావడానికి మైలుతుత్తం వాడటం మన దగ్గర మామూలే కాబట్టి, చెరువు దగ్గర వాడేసిన టబ్బులో కూడా రాయి నానబెట్టొద్దు. రాగి వేశారని తెలిస్తే ఆ రాయి ఒట్టి చేపల ట్యాంకుకి వాడండి, లేదా వదిలేయండి. కడిగితే పోయే సరుకు కాదది.

ఇంకో మాట. రాయి మీద పువ్వు రేకుల్లాంటి గళ్లు వరసగా కనిపిస్తే అది పగడపు అస్థిపంజరం అయి ఉండొచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకి రక్షణ ఉంది. సముద్రంలోంచి తీసినవి కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా కేసవుతుంది. సిమెంటుతో గానీ గని సున్నపురాయితో గానీ తయారైన రాయి అని ఖాయం చేసుకున్నాకే డబ్బులివ్వండి.

ఇక ప్రాణం మీదకి తెచ్చే సంగతి. రాయిని ఉడకబెట్టొద్దు, ఓవెన్‌లో పెట్టొద్దు, పొడిగా ఉండగా గీకొద్దు. జోవాంతిడ్, పాలిథోవా అనే బటన్ పాలిప్‌లు (గుండీల్లా గుంపుగా పెరిగే, పగడాల జాతికి దగ్గరి జీవులు) ఆ రాయి మీద పెరిగి ఉంటే, వాటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉండే అవకాశం ఉంది. అది వేడికి నశించదు. ఉడకబెట్టినప్పుడు ఆవిరితో పాటు గాల్లోకి లేచి ఇంటిల్లిపాదినీ ఆస్పత్రి పాలు చేసిన సందర్భాలు విదేశాల్లో నమోదయ్యాయి. నోట్లో లోహపు రుచి, దగ్గు, చలిజ్వరం, ఆయాసం దాని గుర్తులు. ఎండిపోయిన పాలిప్ గోధుమరంగు తోలు ముక్కలా రాయికి అతుక్కుని ఉంటుంది. చూస్తే గోటితో గీకాలనిపిస్తుంది, సరిగ్గా అక్కడే ఆగాలి. పైగా రంధ్రాల్లో ఇరుక్కున్న నీరు వేడికి ఆవిరై రాయి పేలే ప్రమాదం కూడా ఉంది.

అందుకే నా వరస ఇది: ముందు బ్లీచింగ్, ఆ తర్వాతే బ్రష్. తగినంత గాఢత ఉన్న బ్లీచింగ్ ద్రావణం ఆ విషాన్ని కూడా విరుస్తుంది. ఈ విషయంలో మన ప్రాంతం వాళ్లకి వెసులుబాటు ఉంది. భీమవరంలో గానీ, అమలాపురంలో గానీ ఏ ఆక్వా షాపుకి వెళ్లినా బ్లీచింగ్ పౌడర్, హైపోక్లోరైట్ ద్రావణం (నీళ్ల రూపంలోని బ్లీచింగ్), క్లోరిన్‌ని విరిచే సోడియం థయోసల్ఫేట్ దొరుకుతాయి. ద్రావణం లేబుల్ మీద 10 శాతం అని ఉంటే 20 వంతుల నీళ్లకి ఒక వంతు కలపండి. పౌడరైతే 10 లీటర్లకి 150 గ్రాముల లెక్కన వేరే బకెట్‌లో కలిపి, అడుగున సున్నం పేరుకున్నాక పైతేట మాత్రం వాడండి. ఎండలో నిలవున్న సరుకుకి బలం తగ్గుతుంది, కొత్త తేదీది అడిగి తీసుకోండి. సెంటు వాసన, నురగ వచ్చే ఇంటి క్లీనర్లు పనికిరావు.

టబ్బు ప్లాస్టిక్‌దై ఉండాలి, ఆరుబయట నీడలో పెట్టాలి. మోచేతుల దాకా రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా చెయ్యి పెట్టొద్దు. వారం నానాక నీళ్లు మార్చి, రాయి తడిగా ఉండగానే బ్రష్‌తో రుద్దండి. పసిపిల్లలు, కోళ్లు అటు రాకుండా చూసుకోండి.

యాసిడ్ గురించి చాలామంది అడుగుతారు. రాయి పైపొరని కరిగించి, అందులోని ఫాస్ఫేట్‌ని (ట్యాంకులో నాచుకి మేతయ్యేది) కొంత వదిలించడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడతారు. నా మటుకు చాలామందికి దాని అవసరం లేదు. లోపలి ఫాస్ఫేట్ ఎలాగూ మిగిలిపోతుంది. పట్టుబట్టి చేసేవాళ్లు పది వంతుల నీళ్లలో ఒక వంతు యాసిడ్ పోయాలి. యాసిడ్‌లో నీళ్లు పోస్తే మీదకి చిమ్ముతుంది. అన్నిటికన్నా ముఖ్యం, బ్లీచింగ్ చెమ్మ ఉన్న రాయికి యాసిడ్ తగిలితే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. గాలి కన్నా బరువైన గ్యాసు కాబట్టి నేల మట్టానే పేరుకుంటుంది. బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఒకే అరలో పెట్టడం కూడా మానండి. ఘాటు తగిలితే అన్నీ వదిలేసి గాలి వచ్చే వైపుకి వెళ్లండి, ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ కడగాలి.

బ్లీచింగ్ అయ్యాక మంచినీళ్లలో థయోసల్ఫేట్ వేసి ఒక రోజు ఉంచండి. చుక్కలు వేసి చూసే పరీక్ష కిట్‌తో క్లోరిన్ చూస్తే పసుపు రంగు రాకూడదు. తర్వాత రాళ్లని తడిక మీద పరిచి, రోజూ తిరగేస్తూ ఎండబెట్టండి. చేత్తో తడిమి ఆరిందనుకోవద్దు. కూరగాయల కాటా మీద తూచి, బరువు మార్కర్‌తో రాయి మీదే రాయండి. వరసగా రెండు మూడు రోజులు బరువు తగ్గకపోతేనే అది ఎండినట్టు. రంధ్రం దగ్గర ముక్కు పెట్టినప్పుడు కుళ్లు రొయ్య వాసన వస్తే మళ్లీ నానబెట్టాల్సిందే.

ఆ తర్వాత నేరుగా ట్యాంకులోకి వద్దు. డ్రమ్ములో సాంద్రత 1.025 ఉన్న ఉప్పునీళ్లు పోసి, పంపు పెట్టి, చీకట్లో ఉంచండి. వారానికోసారి ఫాస్ఫేట్ చూడండి. నీళ్లు మార్చాక మళ్లీ పెరుగుతోందంటే రాయి ఇంకా వదులుతోందన్నమాట. పట్టువదలని రాయికి ఫాస్ఫేట్‌ని పట్టేసే లాంథనం క్లోరైడ్ చుక్కలుగా వాడతారు, అదీ డ్రమ్ములోనే. చేపల వ్యర్థాన్ని విరిచే మంచి బ్యాక్టీరియా రాయి మీద పెరిగిందో లేదో తెలియడానికి కాస్త అమ్మోనియా వేస్తే, అది ఒక రోజులో పూర్తిగా పోయి, నైట్రైట్ కూడా మిగలకుండా ఉండేదాకా చేపల ఊసెత్తొద్దు. కొన్ని రాళ్లకి రెండు మూడు నెలలు పడుతుంది. కిట్ ఉప్పునీటికి పనిచేసేదే కొనండి.

ఉప్పాడ నుంచో అంతర్వేది నుంచో సముద్రపు నీళ్లు తెచ్చుకుందామనుకునేవాళ్లు వరదల కాలం దాటనివ్వండి. జులై, ఆగస్టుల్లో గోదావరి ఎర్రనీరు కలిసి ఉప్పు తగ్గిపోతుంది, బురద వస్తుంది. సాల్ట్ ప్యాకెట్, ఆర్వో నీళ్లు మేలు. ఊళ్లో ప్లాంటు నీళ్లయినా సరే, కరిగిన లవణాలు చూపే టీడీఎస్ మీటరు పెట్టి చూశాకే వాడండి.

వాడేసిన బ్లీచింగ్ నీళ్లు బోదెలోనో, మురుగు కాలువలోనో పారబోయొద్దు. కింది వాడి వనామీ రొయ్యల చెరువుకి అవే నీళ్లు వెళ్లొచ్చు. టబ్బులోనే థయోసల్ఫేట్ వేసి, క్లోరిన్ లేదని కిట్‌లో చూసుకుని, అప్పుడు చెట్లు లేని చోట నేలలో ఇంకనివ్వండి.