మార్చి లెక్కలకు ముందు హార్డ్‌వేర్ ఇన్వెంటరీ జాగ్రత్తలు

ఆడిట్ కోసం మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకచోటి నుంచి నిర్వహించే సాఫ్ట్‌వేర్) ఇన్వెంటరీ సెట్టింగులు, అంటే కంప్యూటర్ల హార్డ్‌వేర్ వివరాలు సేకరించే సెట్టింగులు మారుస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి.

• డీఫాల్ట్ క్లయింట్ సెట్టింగ్స్‌లో కొత్త క్లాసుకి (సేకరించాల్సిన ఒక రకం వివరాలు) టిక్కు పెట్టి వదిలేయకండి. అది ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ వెళ్తుంది. కొత్త క్లాసు చేర్చడం మాత్రం అక్కడే కుదురుతుంది. చేర్చాక టిక్కు తీసేసి, కస్టమ్ సెట్టింగ్స్‌తో ముందు కొన్ని సిస్టమ్‌లకే ఇచ్చి చూడండి.

• నడుస్తున్న ప్రాసెస్‌ల లాంటి క్షణక్షణం మారే వివరాలు వద్దు. డెల్టా రిపోర్టులు (గతసారి నుంచి మారినవి మాత్రమే పంపే రిపోర్టులు) బరువెక్కి డేటాబేస్ ఉబ్బిపోతుంది. సీరియల్ నంబర్, మోడల్, ర్యామ్, డిస్క్ ఉంటే ఆడిటర్‌కి సాధారణంగా చాలు.

• షెడ్యూల్‌లో 'సింపుల్' ఆప్షనే ఉంచండి. కస్టమ్‌లో ఫలానా టైమ్ పెడితే కంప్యూటర్లన్నీ ఒకేసారి సర్వర్ మీద పడతాయి.

• డీఫాల్ట్‌గా కంప్యూటర్లు 7 రోజులకోసారి వివరాలు పంపుతాయి. మార్చి 28న మొదలుపెట్టి టెన్షన్ పడొద్దు. సెలవులో ఉన్నవాళ్ల ల్యాప్‌టాప్‌లు ఇంకా ఆలస్యం.