మంచి టీ ఆకు, మన బడ్జెట్‌లో

ఇంట్లో టీకి రంగు బాగానే వస్తోంది గానీ వాసనే ఉండట్లేదు. విడిగా కొన్న పొడి మీద అనుమానమొచ్చి, తడిపిన ఫిల్టర్ పేపర్ మీద చిటికెడు చల్లి చూశాను. క్షణాల్లో ఎర్రటి మరకలు పాకాయి. రంగు కలపని పొడి చన్నీళ్లలో అంత తొందరగా రంగు వదలదు.

దాన్ని పారబోసి, బేగంబజార్‌లో టీ ఒక్కటే అమ్మే కొట్టుకెళ్లాను. "పాలలోకా సార్, ఉత్తదా?" అని అడిగాడాయన. అసలు అడగాల్సిన ప్రశ్న అదే. పాల టీకి అస్సాం సీటీసీ, అంటే ఆకుని యంత్రంలో నలిపి చుట్టిన గుళికలు చాలు, చవక కూడా. పాలు లేకుండా తాగేవాళ్లకి ఆర్థోడాక్స్, అంటే ముక్కలు చేయకుండా మెలితిప్పి ఆరబెట్టిన ఆకు. డార్జిలింగ్ తొలి కోత మన జేబుకి బరువే. నేను నీలగిరి ఆకు 100 గ్రాములు తీసుకున్నా. అరచేతిలో పోసుకుంటే పొడవుగా, నల్లగా మెలితిరిగి ఉంది; పుల్లలు, దుమ్ము దాదాపు లేవు. వేళ్లతో నలిపితే పుటుక్కున విరిగింది. మెత్తగా వంగితే తేమ పట్టిందన్నమాట, తీసుకోకండి.

కిలో ధర విని టెన్షన్ పడక్కర్లేదు. కప్పుకి రెండున్నర గ్రాముల చొప్పున 100 గ్రాములకి 40 కప్పులు. మంచి ఆకు రెండోసారి కూడా దిగుతుంది. మరిగించొద్దు, వేడినీళ్లు పోసి మూడు నిమిషాలు మూతపెడితే చాలు. డబ్బాని పోపుల పెట్టెకి దూరంగా ఉంచండి, ఇంగువ వాసన ఇట్టే పట్టేస్తుంది.

పొద్దున్నే అల్లం టీకి మాత్రం ఇప్పటికీ సీటీసీనే. అల్లం పడ్డాక నీలగిరి ఘుమఘుమలు ఎవరికి తెలుస్తాయి!