ఇంగ్లిష్ బాగానే వచ్చు, మరి అవతలివాళ్లకు ఎందుకు అర్థం కావట్లేదు?

విశాఖలోని రుషికొండ, మధురవాడ ఆఫీసుల్లో రాత్రి షిఫ్టుల్లో విదేశీ కాల్స్ మాట్లాడేవాళ్లలో చాలామందికి గ్రామర్ వచ్చు, పదాలకూ కొదవ లేదు. అయినా అవతలి నుంచి "సారీ?" అని వస్తూనే ఉంటుంది. అందుకని అమెరికా యాస అరువు తెచ్చుకోనక్కర్లేదు. ఎక్కడ తేడా కొడుతోందో పట్టుకోవాలి.

సమస్య: అక్షరం అక్షరం స్పష్టంగా పలికినా పదం అర్థం కాలేదు.

కారణం: నొక్కు తప్పింది. తెలుగులో అక్షరాలన్నీ దాదాపు ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లిష్‌లో ఒక భాగాన్ని నొక్కి, సాగదీసి, మిగతావాటిని తేల్చేస్తారు. వినేవాళ్లు ఆ నొక్కును పట్టుకునే పదాన్ని పోల్చుకుంటారు. 'డెవలప్‌మెంట్'లో మనవాళ్లు చాలామంది 'డె'ను నొక్కుతారు. నొక్కాల్సింది రెండో భాగాన్ని. 'ఫొటోగ్రాఫ్'లో నొక్కు మొదట ఉంటే, 'ఫొటోగ్రఫీ'లో రెండో భాగానికి జరుగుతుంది.

పరిష్కారం: కాల్స్‌లో మీరు రోజూ వాడే పదాలు ఓ ఇరవై రాసుకోండి. డిక్షనరీలో ఉచ్చారణ దగ్గర పైన చిన్న నిలువు గీత కనిపిస్తుంది. దాని తర్వాతి భాగాన్నే నొక్కాలి. అక్కడ బల్ల మీద తడుతూ పలకండి. నెమ్మదిగా మాట్లాడితే సరిపోతుందనుకోవద్దు, అప్పుడు అన్ని అక్షరాలూ ఇంకా సమానమైపోతాయి. మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు, ముందు దీన్ని సరిచేసుకోండి.

సమస్య: 'థర్టీన్' అంటే 'థర్టీ' అని రాసుకున్నారు. పోర్టు పనుల్లో కంటైనర్ల లెక్క చెప్పేవాళ్లకు ఇది చాలా ఖరీదైన పొరపాటు.

కారణం మళ్లీ నొక్కే. 'థర్టీ'లో మొదటి భాగం, 'థర్టీన్'లో చివరిది సాగాలి. వెంటనే 'వన్, త్రీ' అని అంకెలు విడిగా కూడా చెప్పేయండి.

సమస్య: 'పిన్' అంటే 'బిన్' అని వింటున్నారు.

కారణం: పదం మొదట్లో ప, ట, క వస్తే వాళ్లు గాలి వదిలి పలుకుతారు. మన 'ప'లో ఆ గాలి ఉండదు. నోటి ముందు పల్చటి కాగితం పట్టుకుని పలకండి, అది కదలాలి.

సమస్య: 'వెస్ట్' అంటే దిక్కో, బనియనో తెలియట్లేదు.

మనకున్నది ఒకే 'వ'. 'వి'కి పై పళ్లు కింది పెదవిని తాకాలి. 'డబ్ల్యూ'కి పెదవులు గుండ్రంగా చుట్టాలి, పళ్లు తగలకూడదు. 'జెడ్' కూడా ఇలాంటిదే: 'స' అంటూనే గొంతు మోగించండి, 'జ' కానివ్వకండి. 'వి', 'జెడ్' రెండూ ఉన్న 'వైజాగ్'తోనే సాధన మొదలుపెట్టవచ్చు.