బ్లాగులో ఆటోసేవ్ ఇబ్బందులు: ఎవరికి వారు ఆపుకునే వీలు కల్పించడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వర్డ్‌ప్రెస్ (బ్లాగులు నడిపే సాఫ్ట్‌వేర్) సైట్లు నడిపేవాళ్ల కోసం, వాటిలో రాసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రాస్తున్నదాన్ని తనంతట తానే దాచే ఆటోసేవ్‌ను ఆపుకునే హక్కు రాసేవారి చేతిలో ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. ఎందుకో మొదటి సమస్యలోనే తెలుస్తుంది.

సమస్య: రాసి తీసేసిన పేరు ఎడిటర్ కంట పడింది

ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో బాధపడే ఒక కుటుంబం గురించి రాస్తున్నారనుకోండి. ముందు అసలు పేర్లు, ఊరు రాసుకుని, ప్రచురించే ముందు మారుస్తారు. ఈలోపు వర్డ్‌ప్రెస్ మామూలు సెట్టింగ్ ప్రకారం 60 సెకన్లకోసారి డ్రాఫ్ట్‌ను సర్వర్‌కు పంపేస్తుంది. ఎడిటర్ హోదా ఉన్నవారు ఇతరుల డ్రాఫ్టులు తెరిచి చూడగలరు. నమ్మి చెప్పిన మనిషి పేరు అలా మూడో మనిషికి చేరుతుంది.

సైట్ మొత్తానికి సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్‌లో ఆటోసేవ్ వ్యవధిని 86400 సెకన్లకు, అంటే ఒక రోజుకు, పెంచితే సరిపోతుందని చాలామంది చెబుతారు. అది పనిచేస్తుంది గానీ సైట్‌లో అందరికీ ఆటోసేవ్ ఆగిపోయినట్టే అవుతుంది. ఒకరి అవసరం కోసం మిగతావాళ్ల రాతకు రక్షణ తీసేయడం న్యాయం కాదు. ప్రొఫైల్ పేజీలో ‘నాకు ఆటోసేవ్ వద్దు’ అని ఒక టిక్కు పెట్టండి. టిక్కు పెట్టినవారికి మాత్రమే బ్లాక్ ఎడిటర్ (వర్డ్‌ప్రెస్‌లో ఇప్పుడు రాసే పేజీ) సెట్టింగ్స్ ఫిల్టర్ ద్వారా, అంటే ఆ సెట్టింగులను మార్చే కోడ్ ద్వారా, వ్యవధి పెంచండి. సైట్‌కు జోడించే చిన్న ప్లగిన్‌తో అయిపోయే పని ఇది. క్లాసిక్ ఎడిటర్ (పాత రాసే పేజీ) వాడేవారికైతే ఆటోసేవ్ స్క్రిప్ట్ లోడ్ కాకుండా ఆపాలి.

అయితే ఇప్పటికే సర్వర్‌కు చేరినవి టిక్కు పెట్టగానే పోవు. మార్పులు చేసి మీరే సేవ్ నొక్కినప్పుడల్లా ఒక రివిజన్ (ఆ సమయానికి ఉన్న రాత కాపీ) మిగులుతుంది. పేరున్న రివిజన్లను అడ్మిన్ చేత తీయించుకోండి. బ్యాకప్‌లు ఎన్నాళ్లు ఉంచుతారో కూడా అడగండి.

సమస్య: ఆపేశాను, అయినా సేవ్ అవుతోంది

ప్రివ్యూ నొక్కారేమో చూసుకోండి. ప్రివ్యూ చూపించాలంటే రాసిందంతా సర్వర్‌కు వెళ్లాల్సిందే. రెండో కారణం బ్రౌజర్‌లో దాచే కాపీ. సర్వర్‌తో సంబంధం లేకుండా రాసే పేజీయే 15 సెకన్లకోసారి దాన్ని విడిగా దాస్తుంది. కాబట్టి ప్లగిన్ రాసేవారు ఈ రెండో వ్యవధిని కూడా మార్చాలి. నెట్ సెంటర్‌లో కూర్చుని రాసేవారు లేచేముందు లాగౌట్ చేసి ట్యాబ్ మూసేయండి.

సమస్య: టైప్ చేస్తుంటే అక్షరం విరిగిపోతోంది, కర్సర్ గెంతుతోంది

ఇది ఎక్కువగా సొంతంగా తయారుచేసుకున్న ఎడిటర్లలో వస్తుంది. ‘శ్రీ’ అనే ఒక్క అక్షరంలో శ, పొల్లు, ర, ఈకారం అని నాలుగు కోడ్లుంటాయి. కీబోర్డు వాటిని కలుపుతున్న సమయంలోనే ఎడిటర్ సేవ్ చేసి, పెట్టెలోని రాతను మళ్లీ నింపితే అక్షరం తెగుతుంది. దీనికి ఆటోసేవ్ ఆపక్కర్లేదు. అక్షరం కూర్పు పూర్తయిందని బ్రౌజర్ చెప్పేదాకా ఆగి సేవ్ చేయాలి, సేవ్ అయ్యాక పెట్టెలోని రాతను ముట్టుకోకూడదు.

సమస్య: ఆటోసేవ్ ఆపాక కరెంటు పోయింది, రాసిందంతా పోయింది

ట్యాబ్ మూయబోతే ‘సేవ్ చేయలేదు’ అని బ్రౌజర్ హెచ్చరిస్తుంది గానీ, కరెంటు పోతే ఆ అవకాశమే ఉండదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేని సంగతి మనకు తెలిసిందే. ఆటోసేవ్ ఆపినవారు ముందు సొంత కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ ఫైల్‌లో రాసుకుని, మధ్యమధ్యలో సేవ్ చేసుకుంటూ, పేర్లు మార్చాకే సైట్‌లో పేస్ట్ చేయడం మంచిది. సైట్ నడిపేవాళ్లు కొత్తగా చేరినవారికి ఆటోసేవ్ ఆన్‌లోనే ఉంచాలి. ఆపుకున్నవారికి ‘ఆటోసేవ్ ఆపి ఉంది’ అన్న మాట ఎడిటర్ పైన ఎప్పుడూ కనబడాలి. తిరిగి ఆన్ చేసే బటన్ దాని పక్కనే ఉంటే, రాస్తున్నది వదిలి ప్రొఫైల్ పేజీకి పోనక్కర్లేదు.